చిరపుంజి వెళ్ళేవారికి

చిన్నప్పుడు భూగోళం పాఠంలో చిరపుంజి పేరు బట్టీ పట్టనివాళ్ళు మనలో ఉండరు. ఆ ఊరు చూడాలని సరదాపడేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: షిల్లాంగులో బస చెయ్యండి, అక్కణ్ణించి 54 కిలోమీటర్లేగా, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యవచ్చు అని. మేమూ అలాగే వెళ్ళాం. నోకాలికాయి జలపాతం ఎదుట గంటసేపు నిలబడ్డాం. హోరు వినబడుతోంది గానీ, కళ్ళముందు తెల్లటి దుప్పటి కట్టినట్టు మబ్బు. 1,100 అడుగుల ఎత్తునించి పడే నీళ్ళలో ఒక్క చుక్క కంటపడలేదు. "దీనికోసమేనా అమ్మా, రెండు రాత్రులు రైల్లో నడుం విరగ్గొట్టుకున్నాం?" అన్నారు మా అత్తగారు. ఆవిణ్ణి అనడానికేం లేదు. తప్పు నా ఏర్పాటుదే.

బయల్దేరేముందే ఇంట్లో ఒక సంగతి తేల్చుకోవాలి. వాన చూడ్డానికా, కొండలూ లోయలూ చూడ్డానికా? వాన కావాలంటే జూన్ నుంచి సెప్టెంబరు. హైదరాబాదులో ఏడాదికి కురిసేది సుమారు 80 సెంటీమీటర్లయితే అక్కడ 1,100 పైమాటే. జలపాతాలూ కనబడాలి, మనమూ మరీ తడవకూడదంటే అక్టోబరు, నవంబరు మేలు. చలికాలంలో డౌకీ దగ్గర ఉమ్‌గోట్ నది అద్దంలా ఉంటుంది, పడవ గాలిలో తేలుతున్నట్టే కనిపిస్తుంది. కానీ అప్పటికి జలపాతాలు సన్నబడిపోతాయి. అంతేకాదు, అంత వాన కురిసే ఊళ్ళోనే ఆడవాళ్ళు నీళ్ళకోసం దూరం నడుస్తారు. నేలలో నీరు నిలవదు మరి, పడ్డదంతా కొండ దిగి బంగ్లాదేశ్ మైదానంలోకి పోతుంది.

రెండో సంగతి, చిరపుంజిలో కనీసం ఒక రాత్రి ఉండండి. బోర్డులమీద 'సోహ్రా' అని ఉంటుంది, తికమకపడకండి. అక్కడ వాన ఎక్కువగా రాత్రిళ్ళూ తెల్లవారుజామునా కురుస్తుంది. పగలు మధ్యమధ్య తెరిపి ఇస్తుంది. ఆ తెరిపి మన టాక్సీ టైముకి రాదు, దానికోసం మనమే కాచుకోవాలి.

గువాహతి దాకానే రైలు. అక్కణ్ణించి షిల్లాంగుకి 100 కిలోమీటర్లు, మలుపుల రోడ్డు. కడుపులో తిప్పే పిల్లలుంటే ఖాళీ కడుపుతోనూ, నిండా తినిపించీ కూడా ఎక్కించకండి. ఆదివారం షిల్లాంగులో చాలా కొట్లు మూసేస్తారు, బజారు పని శనివారమే చూసుకోవాలి.

ఇక బట్టలు. నూలు చీర ఒకసారి తడిసిందా, మూడు రోజులైనా ఆరదు. సింథటిక్ చీరలో, సల్వార్ కమీజులో తీసుకెళ్ళండి. పిల్లలకి మేజోళ్ళు లెక్కకు రెట్టింపు పెట్టండి. తడిసిన బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు మరిచిపోవద్దు. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది, రెయిన్‌కోటే గతి. పొలాల్లో ఖాసీ ఆడవాళ్ళు వెదురుతోనూ ఆకులతోనూ అల్లిన 'క్నుప్' అనే చేటలాంటిది తలనించి నడుందాకా వేసుకుంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, పని ఆగదు.

శాకాహారులు ఏం పెడుతున్నారో అడిగి తినాలి. 'జాదో' అంటే అన్నమేగా అనుకునేరు, అది మాంసంతో వండుతారు. నా కందిపొడి, నెయ్యి సీసా అక్కడ ఆదుకున్నాయి.

వేళ్ళ వంతెనలు చూడాలని అందరికీ ఉంటుంది. రబ్బరుమర్రి వేళ్ళని వాగుకి అడ్డంగా మళ్ళించి ఏళ్ళతరబడి పెంచినవి. నాంగ్రియాట్ లోని రెండంతస్తుల వంతెనకి 3,000 పైచిలుకు మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మొహమాటపెట్టకండి. మావ్లిన్నాంగ్ దగ్గర రివాయిలో ఉన్నదానికి కొద్దిపాటి మెట్లు చాలు. మా అత్తగారు చూసింది అదే.

ఇంతకీ ఆవేళ మేం షిల్లాంగు వెళ్ళలేదు. మర్నాటి కార్యక్రమం మానేసి సోహ్రాలోనే గది తీసుకున్నాం. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి టీ కొట్లో కూచున్నాం. కొట్టావిడ మా అందరికీ వక్క, ఆకు ఇచ్చింది. అక్కడ అతిథికి అది మర్యాద. ఖాసీల్లో ఇల్లు ఆఖరి కూతురికి వస్తుందనీ, పిల్లలకి తల్లి ఇంటిపేరే అనీ చెప్పింది. మా అత్తగారు నలుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరివారు. "అయితే మా నాన్న ఇల్లు నాదేనన్నమాట" అని నవ్వుతూ లేచారు. అప్పుడే మబ్బు విడింది. పది నిమిషాలు, అంతే. కింద జలపాతం పడే మడుగు దాకా కనబడింది.