గాజుతొట్టెలో పరిగెలు



పరిగె అంటే మనకు పులుసులో పడే చేప. వేలెడు ఉంటుంది, ముల్లు ఎక్కువ, ధర తక్కువ. అటువంటి దానిని గాజుతొట్టెలో పెట్టి ముచ్చటగా చూసుకునేవారు చాలమంది ఉన్నారు. మన ఆగిరిపల్లి పిల్లలు అడిగితే కొనిపెట్టే పని లేదు. చెరువు అలుగు కింద గుడ్డ పట్టితే చాలు. మొప్ప వెనుక ఒకటి, తోక మొదట ఒకటి, రెండు నల్లచుక్కలున్న రకం చూడముచ్చటైనది. శాస్త్రజ్ఞులు దీనిని టిక్టో అంటారు. 1822లో హామిల్టన్ దొర గంగానది చేపలను గురించి వ్రాసిన గ్రంథంలో దీనిని వర్ణించినాడు. గుడ్లు పెట్టే కాలంలో మగదాని పక్కలు ఎర్రబారుతాయి.

తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండవలెను. యాభై లీటర్లకు పైగా నీరు పడుతుంది. గుండ్రని సీసాలో మాత్రం వేయకండి, గాలి చాలదు. ఇవి గుంపుగా బ్రతికే జీవాలు, ఒంటరిది బెదిరి మూల నక్కుతుంది. ఆరో ఎనిమిదో వేయండి. ఎగిరి బయట పడతాయి గనుక పైన వల కప్పండి. కుళాయి నీరైతే ఒక రోజు బిందెలో నిలవ ఉంచి పోయాలి. వారానికి నాలుగోవంతు నీరు మార్చితే చాలు, మొత్తం పారబోయవద్దు. మేత రెండు మూడు నిమిషాలలో తినేటంతే. తవుడు తింటాయి, నీళ్ళలోని దోమపిల్లలైతే మరీ ఇష్టం. మిగిలిన మేత కుళ్ళి నీరు చెడుతుంది. చేపలు చచ్చేది ఆకలితో కాదండీ, మన ప్రేమతోనే.

మా ఇంట్లో జరిగిన మాట ఒకటి చెప్పాలి. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టి వచ్చిన మా తమ్ముడు, చేతులు కడిగాననిపించుకొని మేత వేయబోయి తొట్టెలో చెయ్యి పెట్టినాడు. తెల్లవారేసరికి ఎనిమిదీ వెల్లకిలా తేలినవి. పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు చేపకు మహా విషం. మన ఒంట్లో త్వరగా విరిగిపోయే ఈ మందు చేప ఒంట్లో అంత త్వరగా విరగదు. మొప్పల ద్వారా నేరుగా ఎక్కుతుంది కూడా.

తొట్టెకే ఇంత అయితే చెరువు మాట ఏమిటి? స్ప్రేయరు కడిగిన నీరు కాలువలో పోయవద్దు. చెరువుగట్టు పక్క చెట్లకు గాలి చెరువు వైపు వీస్తున్నప్పుడు కొట్టవద్దు. ఖాళీ డబ్బా నీళ్ళలో ముంచవద్దు. పూత కాలంలో తోట పక్క గుంట నుండి నాచు గాని నీరు గాని తొట్టెకు తేవద్దు.

తొట్టె మీద మోజు తీరితే మన చెరువు పరిగెలను ఆ చెరువులోనే వదలండి. అంగడిలో కొన్న పరాయి చేపలను మాత్రం ఎన్నడూ వదలకండి. తొట్టె అద్దానికి పట్టిన పాచి తింటుందని కొనే సక్కరు చేప ఇప్పటికే మన నీళ్ళలో చేరి, వలలు చింపుతూ జాలరులను ఏడిపిస్తోంది.