చాప పరిచిన నాయకుడు, పందెం కాసిన నాయకుడు

(మాచర్లలో యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నల్లమల అంచు గూడేల నుంచి వచ్చిన చెంచు తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, తండాల నుంచి వచ్చిన సుగాలి బిడ్డలకీ, యానాది, ఎరుకల అన్నదమ్ములకీ, మనకి అండగా నిలబడ్డ మిత్రులందరికీ జోహార్లు.

నన్ను మాట్లాడమన్న అంశం "నాయకుడంటే ఎట్టా ఉండాలి" అని. ఈ మాట ఎత్తగానే వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ముందు చెప్పే పేరు జార్జ్ వాషింగ్టన్. అమెరికా మొదటి అధ్యక్షుడు. ఆయన గొప్ప ఏమిటంటే, యుద్ధం గెలిచాక 1783లో సేనాధిపత్యం వదిలేసి తన పొలానికి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు విడతలు అధ్యక్షుడిగా ఉండి, 1797లో కుర్చీ దిగి మళ్ళీ ఇంటికి పోయాడు. కుర్చీ వదలటం తెలిసిన మనిషి. అది చిన్న విషయం కాదు, ఒప్పుకుందాం.

కానీ అదే వాషింగ్టన్ 1779లో ఇరక్వాయ్ ఆదివాసీల నేల మీదికి సైన్యాన్ని పంపాడు. నలభైకి పైగా ఊళ్ళు తగలబెట్టారు. చేతికొచ్చిన మొక్కజొన్న పంటను నాశనం చేశారు. ఆ ఆదివాసీలు ఆయన్ని పిలిచే పేరుకి అర్థం "ఊళ్ళను నాశనం చేసేవాడు" అని. తెల్లవాళ్ళ బడి పుస్తకంలో జాతిపిత. వాళ్ళ గుడిసెల్లో ఊళ్ళు కాల్చినోడు. ఇద్దరూ ఒకే మనిషి. అంటే నాయకుణ్ణి కొలిచేటప్పుడు మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామనేది ముఖ్యం. గద్దె వైపు నుంచి చూస్తే ఒక రకంగా కనపడతాడు, గూడెం వైపు నుంచి చూస్తే ఇంకో రకంగా కనపడతాడు.

సరే, అంత దూరం ఎందుకు? మనం కూర్చున్నది మాచర్లలో. ఈ ఊరిని రాజధాని చేసుకుని ఒక రాజ్యాన్ని నిలబెట్టిన మంత్రి మనకే ఉన్నాడు. బ్రహ్మనాయుడు. ఇవాళ ఆయన్ని గూడెం వైపు నుంచి చూద్దాం.

కథ మీకు తెలిసిందే, గబగబా చెప్తా. 12వ శతాబ్దం. హైహయ వంశం అనుగురాజుకి వెలనాటి వాళ్ళ ఆడపిల్ల మైలమనిచ్చి పెళ్ళి చేశారు. పల్నాడు అరణంగా వచ్చింది. గురజాల రాజధాని అయింది. అనుగురాజు తర్వాత నలగామరాజు గద్దెనెక్కాడు. బ్రహ్మనాయుడు మంత్రి. తర్వాత నాయకురాలు నాగమ్మ కూడా మంత్రి అయింది. ఇంట్లో చీలిక వచ్చింది. సవతి తమ్ముడు మలిదేవరాజుకి రాజ్యంలో భాగం పంచారు, మాచర్ల రాజధాని అయింది, బ్రహ్మనాయుడు ఆయన వైపు నిలబడ్డాడు. తర్వాత కోడిపందెం, వనవాసం, చివరికి కారంపూడిలో నాగులేరు ఒడ్డున యుద్ధం.

ఈ కథని 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. కానీ దీన్ని ఊరూరా బతికించింది పండితులు కాదు. వీరవిద్యావంతులని పిలిచే మాల గాయకులు. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరిగినప్పుడు ఇప్పటికీ పాడేది వాళ్ళే. ఒక మంత్రి కథని మాలవాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళుగా గొంతులో ఎందుకు దాచుకున్నారు? ఊరికే దాచుకోరు కదా. ఆయన వాళ్ళకి ఏదో ఇచ్చాడు.

ఏమిచ్చాడు? ఒకటి, చాపకూడు. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. రెండు, కన్నమదాసు. మాల కులంలో పుట్టిన మనిషిని పెద్దకొడుకుగా చూసుకుని, సేనాపతిని చేశాడు. 12వ శతాబ్దంలో ఈ మాటే వినపడేది కాదు. ఇవాళ్టికీ కొన్ని ఊళ్ళల్లో టీకొట్టు దగ్గర గ్లాసు వేరుగా పెడతారని మీకు నేను చెప్పక్కర్లేదు. అట్టాంటిది అప్పట్లో ఒక మంత్రి చాప పరిచాడు. కారంపూడి ఉత్సవంలో మూడో రోజు మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. ఆయన పోయి ఎనిమిది వందల ఏళ్ళయినా ఆ చాప ఇంకా చుట్టెయ్యలేదు. అదీ ఆయన గొప్ప. మనస్ఫూర్తిగా దండం పెడదాం.

ఇప్పుడు రెండో వైపు.

కోడిపందెం సంగతి చూడండి. నాగమ్మ కవ్వించింది, బ్రహ్మనాయుడు ఒప్పుకున్నాడు. ఒడ్డిందేమిటి? ఓడినోళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. అంటే పందెంలో పెట్టింది రెండు కోళ్ళ ప్రాణాలు కాదు. మాచర్ల రాజ్యంలో ఉన్న ప్రతి ఇంటి పొయ్యి. చిట్టిమల్లు ఓడిపోయింది. మలిదేవరాజు, బ్రహ్మనాయుడు, వాళ్ళని నమ్ముకున్న జనం ఆవుల మందల్ని తోలుకుని అడవుల వైపు నడిచారు. భారతంలో ధర్మరాజు జూదానికీ దీనికీ తేడా లేదని మనోళ్ళు దీన్ని పల్నాటి భారతం అంటారు.

నేను అడిగేది ఒకటే. ఆ పందెం ఒప్పుకునే ముందు, చాప మీద తనతో కూర్చుని అన్నం తిన్న వాళ్ళని బ్రహ్మనాయుడు అడిగాడా? "అయ్యా, మీ ఇల్లూ వాకిలీ పందెంలో పెడుతున్నా, మీకు సమ్మతమేనా" అన్నాడా? కథలో ఎక్కడా లేదు. అన్నం దగ్గర చాప పరిచాడు. నిర్ణయం దగ్గర పరచలేదు. నాకు తెలిసి ఆ మహానుభావుడి జీవితంలో అసలు లోటు అదే. నాగమ్మని తిట్టి ఈ లోటుని కప్పెట్టేస్తారు మనోళ్ళు. ఆడమనిషి మంత్రి అయితే కథలో నింద మొత్తం ఆమె మీదికే పోతుంది. పందెం పిలిచింది ఆమె అయితే, ఒప్పుకుంది ఈయనే కదా.

తర్వాత ఏమైందో తెలుసు. ఏడేళ్ళ గడువు అయ్యాక మా రాజ్యం మాకివ్వమని అలరాజుని రాయబారం పంపారు. అలరాజు నలగామరాజుకి సొంత అల్లుడు. అయినా విషం పెట్టి చంపారు. ఇక యుద్ధం ఆగలేదు. బ్రహ్మనాయుడు సంధి కోసం చివరిదాకా చూశాడు, కొడుకు బాలచంద్రుడు వినలేదు. కుర్రవాళ్ళు కుర్రవాళ్ళుగానే పోయారు. యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గద్దె ఎక్కకుండా గుత్తికొండ బిలం వైపు వెళ్ళిపోయాడని కథ. వాషింగ్టన్ లాగానే ఈయనకీ కుర్చీ వదలటం తెలుసు. కానీ వదిలేటప్పటికి కారంపూడిలో మిగిలింది వీరుల గుడి.

కన్నమదాసు దగ్గరికి మళ్ళీ వద్దాం. సేనాపతి అంటే గౌరవమే. అదే సమయంలో అందరికంటే ముందు కత్తికి ఎదురెళ్ళే మనిషి కూడా. యుద్ధం చెయ్యాలా వద్దా అనేది తేల్చేది మంత్రి, రాజు. ముందు వరసలో నిలబడేది కన్నమదాసు. ఈ లెక్క ఇవాళ మారిందా? పల్నాడు పౌరుషం అని మన కుర్రాళ్ళని ఎగదోస్తారు. ఎన్నికలప్పుడు జెండా మొయ్యటానికి, ముఠా తగాదాలో ముందుండటానికి తండా కుర్రాడు కావాలి, గూడెం కుర్రాడు కావాలి. కేసులు పడితే కోర్టు చుట్టూ తిరిగేది వాడు. గదిలో తలుపులేసుకుని రాజీ కుదుర్చుకునేటప్పుడు మాత్రం వాణ్ణి బయట బండి దగ్గర నిలబెడతారు. మన అమ్మానాన్నలు పడ్డ అవమానం కూడు దగ్గర. మనం పడుతున్న అవమానం ఈ తలుపు దగ్గర.

ఇదే నేల మీద ఇంకో మనిషి గురించి చెప్పాలి. దుర్గి పక్కన మించాలపాడు. కన్నెగంటి హనుమంతు. రాజు కాదు, మంత్రి కాదు, రైతు. 1921లో కరువు. అడవిలో పశువుల్ని మేపుకోవాలంటే పుల్లరి కట్టమన్నారు అటవీ శాఖ వాళ్ళు. జనం కట్టమన్నారు. పరిస్థితి చూద్దామని వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణని అరెస్టు చేసి జైల్లో వేశారు, ఆ జైల్లోనే ఆయన మాలపల్లి నవల రాశాడు. నాయకులు జైలుకి పోయినా పల్నాడు ఊళ్ళు ఆగలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత సహాయ నిరాకరణ ఆపెయ్యాలని బార్డోలీలో కాంగ్రెస్ తీర్మానం చేసింది. మించాలపాడు రైతుని ఎవరూ అడగలేదు. అదే నెలలో పోలీసు కాల్పుల్లో హనుమంతు చనిపోయాడు. ఇక్కడ కూడా చూడండి, తీర్మానం ఒకచోట, తూటా ఇంకోచోట.

పుల్లరి పోరాటం అడిగింది ఏమిటి? మా పశువుని మా అడవిలో మేపుకుంటాం అని. ఆ మాట చట్టం కాగితం మీదికి రావటానికి ఎనభై అయిదేళ్ళు పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో మేత హక్కు సామూహిక హక్కుగా ఉంది. చెంచుల లాంటి ఆదిమ తెగలకి ఆవాస ప్రాంతపు హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఇది తెలుసుకోవాలి మీరు. "పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు, మీకు హక్కుల్లేవు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే, నిజమే. అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అడవి ఉన్న చోటల్లా వర్తిస్తుంది.

ఇంకా ముఖ్యమైంది ఆరో సెక్షన్. హక్కు ఎవరిదో, ఎంతవరకో తేల్చే పని మొదలుపెట్టేది గ్రామసభ. ఎమ్మార్వో కాదు, రేంజర్ కాదు, మన సంఘం నాయకుడు కూడా కాదు. సభలో కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చిన వాళ్ళల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి అని 2012లో సవరించిన నియమాలు చెప్తున్నాయి. బ్రహ్మనాయుడు పరచని ఆ రెండో చాప ఇదే. కూడు చాప కాదు, నిర్ణయం చాప.

ఇది పని చేస్తుందా అంటారు. ఒడిశా నియమగిరికి పోయి అడగండి. బాక్సైట్ కోసం కొండ తవ్వాలని వేదాంత కంపెనీ వచ్చింది. గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్ళల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వాళ్ళతో ఉన్న మిగతా జనం కొండ ఇవ్వం అన్నారు. పన్నెండుకి పన్నెండు ఊళ్ళూ. ఆ సభల్లో పెద్ద నాయకుడెవరు అని అడిగితే ఒక పేరు చెప్పలేరు. చాప మీద కూర్చున్న ప్రతి ముసలమ్మా నాయకురాలే.

అందుకని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రేపు మీ గూడెంలో, మీ తండాలో ఎవరైనా "నేను మీ నాయకుణ్ణి" అని ముందుకొస్తే, మొహం చూసి, మాట చూసి, బండి చూసి తేల్చుకోవద్దు. మనతో కూర్చుని తింటాడా అని చూడండి, అది కావాలి. కానీ అక్కడితో ఆగొద్దు. మన భూమి గురించి ఎవరితోనో మాట్లాడి వచ్చాడా, మన ముందు మాట్లాడాడా? సంతకం పెట్టాక చెప్పాడా, పెట్టకముందు అడిగాడా? పందెం పోతే నష్టం ఎవరి ఇంటికి వస్తుంది, వాడింటికా మనింటికా? పని అయిపోయాక కుర్చీ దిగుతాడా, కొడుక్కి అప్పజెప్తాడా? ఇవి అడిగితే కోపం తెచ్చుకునేవాడు మనకి నాయకుడు కాడు.

మీలో కొంతమంది రేపు నాయకులవుతారు, నాకు నమ్మకముంది. వాళ్ళకి ఇంకో మాట. జనం మిమ్మల్ని నమ్మటం మొదలుపెట్టిన రోజు జాగ్రత్తగా ఉండండి. బ్రహ్మనాయుణ్ణి జనం అంత నమ్మారు కాబట్టే ఆ పందెం ఆపేవాళ్ళు లేకుండా పోయారు. మిమ్మల్ని ఆపగలిగే నలుగుర్ని మీ పక్కన పెట్టుకోండి. అందులో ఇద్దరు ఆడవాళ్ళుండాలి.

పని దగ్గరికి వస్తా. గ్రామసభ పెట్టాలని మీ ఊరి పంచాయతీకి అర్జీ రాయండి. మీ గూడేనికి, మీ తండాకి విడిగా సభ కావాలని అడగండి. అటవీ హక్కుల కమిటీ ఉందా, అందులో ఎవరి పేర్లు రాశారు, అవి మనవాళ్ళవేనా అని కనుక్కోండి. పశువులు మేసే చోటు, తేనె తీసే చోటు, గడ్డలు తవ్వే చోటు, దేవుడుండే చోటు అన్నీ పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పటం గీయించండి. ముసలోళ్ళు ఉన్నప్పుడే గీయించండి. ఆ పటం మీద సంతకం మీ ఒక్కరిది కాదు, సభ మొత్తానిది ఉండాలి.

చాపకూడు మనకి బ్రహ్మనాయుడు ఇచ్చి పోయాడు. రెండో చాప ఎవరూ ఇవ్వరు, మనమే పరుచుకోవాలి. పరుద్దాం.

జోహార్ కన్నమదాసు! జోహార్ కన్నెగంటి హనుమంతు!

మా ఊళ్ళో, మా అడవిలో, మా సభదే మాట!