ఏ పూటకు ఏ పాత పుస్తకం



చెన్నై నగరంలో పాత తెలుగు పుస్తకాలు దొరకడంలో వింత లేదు. వావిళ్ల వారి ముద్రణలు, ఆంధ్రపత్రిక, భారతి, 1947 జూలైలో జన్మించిన చందమామ ఈ నగరం నుండి వెలువడినవే. అవి ఇక్కడి తెలుగు ఇండ్ల బీరువాలలో ఒక తరం పాటు ఉండి, ఆ తరం గడచిన పిమ్మట పాత పుస్తకాల అంగళ్లకు చేరినవి. అటువంటి అంగళ్లకు నిలయమైన మూర్ మార్కెట్ 1985 మే 30న అగ్నికి ఆహుతి అయినది. అందలి వర్తకులలో పలువురు సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న అల్లికుళం అంగళ్లకు తరలిపోయినారు.

కొనేవారి సంగతి వేరు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడులో ఒకటవ తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి అయినది. వీధి భాషను పిల్లలు నేర్వడం న్యాయమే. కాని తెలుగు చదువులో ఎక్కువ భాగం ఇంటి మీద పడినది. ఆ ఆరాటంలో తల్లిదండ్రులు తొలి పుస్తకంగానే వేయిపడగలు వంటి మహాగ్రంథాన్ని తెచ్చి పిల్లవాని చేతిలో పెడుతున్నారు. ఆ పరిమాణానికే బెదరి వాడు తెలుగునే ప్రక్కకు నెడుతున్నాడు. అది విశ్వనాథ వారి లోపం కాదు; ఆకలి ఎరుగక వడ్డించిన వారిది.

పుస్తకం ఎన్నుకొనేటప్పుడు గ్రంథం గొప్పతనం కంటె, పాఠకుడు ఆ పూట ఏ మనస్సుతో ఉన్నాడన్నది ముఖ్యం. కొత్త పుస్తకం కొంటే, పెట్టిన వెల కోసమైనా ముగించాలనే బలవంతం ఉంటుంది. ఆ వెలకు పాతవి మూడో నాలుగో వస్తాయి. ఒకటి విసుగు పుట్టిస్తే మూసివేసి మరొకటి తెరవవచ్చును. పాత పుస్తకం ఇచ్చే అసలు సుఖం ఇదే.

బడి నుండి అలసి వచ్చిన సాయంత్రానికి చందమామ విడి సంచిక చాలును. ధారావాహికను వదలి బేతాళ కథ తీయాలి. బేతాళుని ప్రశ్న వద్ద పుస్తకం మూసి, జవాబు పిల్లలనే అడిగితే, తెలుగు మాట రాదని సిగ్గుపడే పిల్లవాడు కూడా వాదనకు దిగుతాడు.

నవ్వుకోవాలనిపించిన పూట మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశం ఉన్నది. మూడు భాగాలూ ఒకచోట దొరకడం అరుదు. 1924లో వచ్చిన మొదటి భాగం ఒక్కటే దొరికినా లోటు లేదు, లండను ప్రయాణమంతా అందులోనే ఉన్నది. మొగల్తూరు నుండి బయలుదేరిన పార్వతీశం చెన్నపట్నం మీదుగానే వెళ్లినాడని తెలిసినప్పుడు ఇక్కడి పిల్లల ఉత్సాహం చూడదగినది.

వేసవి సెలవులకు మరొక సొత్తు కలదు. వారపత్రికలలో వచ్చిన నవలలను వారం వారం కత్తిరించి, సూదీ దారంతో కుట్టి, అట్ట వేసుకొనడం ఒకనాటి గృహిణులకు అలవాటు. బొమ్మలతో సహా ఆ నవలలు అంగళ్లలో అడుగున పడి ఉంటాయి. పుట వెనుక సగం వంటకమో, సగం ప్రకటనయో కనిపించి అదొక వినోదం. కొనే ముందు చివరి భాగం ఉన్నదో లేదో తప్పక చూడాలి. మధ్యలో ఒక వారం పోయినా ఊహించుకోవచ్చును, ముగింపు పోతే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

మనస్సు నెమ్మదిగా ఉన్న రోజులకు, జ్వరం తగ్గి మంచం మీద ఉన్నవారికి, ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర తగినది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్ప్రిటరుగా ఉండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. దారులు, నదులు, బసలు, దొరికే సరకులు అన్నీ వ్రాసినారు. భాష పాతది, పిల్లలు ఒంటరిగా చదవలేరు. తాతగారు రోజుకొక మజిలీ బిగ్గరగా చదివితే ఇద్దరికీ కాలక్షేపం. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు ప్రకటించిన ప్రతి కంటబడితే వదలరాదు.

పుస్తకాన్ని పరిశీలించడం కష్టం కాదు. నడుమ తెరచి కుట్టు చూడాలి. పుట అంచు వంచితే విరిగేటట్లుంటే పిల్లల కోసం కొనరాదు. పురుగు రంధ్రాలు అక్షరాలను తాకకుంటే పరవాలేదు. ఇంటికి తెచ్చిన వెంటనే నీడపట్టున గాలి తగలనిచ్చి, తరువాతనే బీరువాలో చేర్చాలి.

ఇక ఒక మనవి. పెద్దవారు గతించిన పిమ్మట ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, చదివేవారు లేరని తెలుగు పుస్తకాలను కిలోల లెక్కన పాత పేపర్ల అంగడికి వేయడం పరిపాటి అయినది. వాటిలో కొన్నింటి మొదటి పుటలో ఈ పాఠశాల బహుమతి ముద్ర ఉంటున్నది. తూకానికి వేయక ముందు పాఠశాల కార్యాలయానికి కబురు చేస్తే, ఆదివారమైనా సరే, గోనెసంచులతో మనిషి వస్తాడు. ఏరుకొనవలసినవి పిల్లలే ఏరుకుంటారు.