తెలుగు ద్వారమున ఆంగ్ల వ్యాకరణము

(సంఘ సభ్యుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో నేడొక మాట తరచుగా వినబడుచున్నది. “బిడ్డకు ఇంగ్లీషు రావలెను. తమిళము ఎటులను తప్పదు. ఇక తెలుగు కూడ ఎందుకు, బరువు కదా!” అని. అడుగువారు బిడ్డల మేలు కోరియే అడుగుచున్నారు గనుక ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 2006వ సంవత్సరపు చట్టము ఈ రాష్ట్రమున 1వ తరగతి మొదలు 10వ తరగతి వరకు తమిళమును క్రమక్రమముగా తప్పనిసరి పాఠ్యభాషగా చేసినది. మనమున్న నేల భాషను మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. ఆంగ్లము రానిదే పై చదువులు కష్టము. అట్లయిన తెలుగు బిడ్డకు బరువా, ఊతయా? ఊతయేయని మా నమ్మకము. ఆంగ్ల వ్యాకరణపు మొదటి పాఠములను తీసికొనియే దీనిని చూపెదము.

ఆంగ్ల వాక్యములు నాలుగు విధములు: విషయమును తెలుపునవి, ప్రశ్నించునవి, ఆజ్ఞనో ప్రార్థననో తెలుపునవి, ఆశ్చర్యమును వెలిబుచ్చునవి. ఈ నాలుగును తెలుగున ఉన్నవే. బిడ్డకు క్రొత్తది భావము కాదు, కూర్పు మాత్రమే. “అతడు రైతు” అన్నచో మనకు రెండు మాటలతోనే వాక్యము పూర్తియగును. ఆంగ్లమున అది చాలదు. “హి ఈజ్ ఎ ఫార్మర్” అనవలెను. మన బిడ్డలు “హి ఫార్మర్” అని వ్రాయుటకు కారణము మందబుద్ధి కాదు, మాతృభాషా స్వభావము. ఈ భేదమును ఒకసారి తెలుగున విప్పిచెప్పినచో ఆ తప్పు తగ్గిపోవును.

ప్రశ్నకు మనము వాక్యము చివర దీర్ఘము చేర్చుదుము: వచ్చెను, వచ్చెనా? తమిళమున, కన్నడమున కూడ ఇట్టి పద్ధతియే కలదు. ఆంగ్లమున “ఈజ్” అను మాట ముందునకు వచ్చును: “ఈజ్ హి ఎ ఫార్మర్?” ఇతర క్రియలకు “డు, డజ్, డిడ్” అనువానిలో ఒకటి ముందు నిలుచును. “డిడ్” వచ్చినచో భూతకాలమును అదియే మోయును గనుక “డిడ్ హి కమ్?” అనవలెనే కాని “డిడ్ హి కేమ్?” అనరాదు. ఇక రా, రమ్ము, రండి అని మనకున్న మర్యాదా భేదములు ఆంగ్ల క్రియలో లేవు. ఆ మర్యాదను “ప్లీజ్” వంటి మాటలతో చూపవలెను.

మాటల వరుసయు ముఖ్యమే. “రైతు ఎద్దును కొనెను” అన్నను, “ఎద్దును రైతు కొనెను” అన్నను మనకు అర్థమొక్కటే; “ను” అను విభక్తి అర్థమును కాపాడును. ఆంగ్లమున ఆ కాపుదల లేదు. “ది ఫార్మర్ బాట్ ది బుల్లక్” అను వాక్యమున మాటలు తారుమారైనచో ఎద్దే రైతును కొన్నట్లగును! ఈ ఒక్క ఉదాహరణ బిడ్డ నవ్వుచు నేర్చును, మరి మరువడు.

నామవాచకములకు వత్తము. హోసూరు, కృష్ణగిరి అనునవి సంజ్ఞా నామములు. ఆంగ్లమున వీని మొదటి అక్షరము పెద్దదిగా వ్రాయవలెను. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరముల భేదము లేదు గనుక బిడ్డలు దీనిని మరచుట సహజము. ఊరి పేరుకు ముందు “ది” ఉండదు. నది పేరుకు ఉండును. హోసూరునకు “ది” అక్కరలేదు. మన దక్షిణ పినాకినిని మాత్రము “ది సౌత్ పెన్నార్” అనవలెను.

పాలు, నీళ్లు, రాగులు మనకు బహువచనములు: పాలు పొంగినవి, రాగులు పండినవి. ఆంగ్లమున “మిల్క్, వాటర్, రాగి” లెక్కింపరాని ద్రవ్యములు, ఏకవచనములు. “ది మిల్క్ ఆర్ హాట్” అని బిడ్డ వ్రాసినచో దాని వెనుక మన “పాలు వేడిగా ఉన్నవి” అను వాక్యమున్నదని గ్రహింపవలెను.

“ఎ”, “యాన్” అను రెంటిలో ఏది వాడవలెనో ఎందఱో తికమకపడుదురు. మన అక్షరమాల వచ్చిన బిడ్డకు ఇందు గొప్ప సౌలభ్యము కలదు. ఇక్కడ లెక్క వ్రాతలోని అక్షరమునకు కాదు, ధ్వనికి. ఆంగ్ల పదమును పలికిన రీతిగా తెలుగున వ్రాయుడు. మొదట అచ్చు వచ్చినచో “యాన్”, హల్లు వచ్చినచో “ఎ”. గంటను తెలుపు “అవర్” ఆంగ్ల లిపిలో హల్లుతో మొదలగును. తెలుగున వ్రాసిన అకారము కనబడును, కనుక “యాన్ అవర్”. “యూనివర్సిటీ” ఆంగ్ల లిపిలో అచ్చుతో మొదలైనను ధ్వనిలో యకారమున్నది, కనుక “ఎ యూనివర్సిటీ”. తెలుగు లిపి వచ్చిన బిడ్డకు ఇదియొక తాళపుచెవి.

1816లో క్యాంబెల్ దొరయు, 1840లో బ్రౌన్ దొరయు తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున వ్రాసి ప్రకటించిరి. వారు తమ భాషను విడిచి మన భాషను నేర్వలేదు. తమ భాషలో నిలిచియే మన భాషను కొలిచిరి. మన బిడ్డలును తెలుగున నిలిచి ఆంగ్లమును ఏల కొలువరాదు?

1956లో 7వ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని చెప్పుచున్నది. కాని చేరు బిడ్డలు లేనిచో ఏ తెలుగు తరగతియు నిలువదు. ఒకసారి మూతపడినదానిని మరల తెఱపించుట ఎంత ప్రయాసమో వేరుగ చెప్పనక్కఱలేదు.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి సాయంకాలము అరగంట బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. ఇంటి సంగతి ఏదైనను ఐదు తెలుగు వాక్యములుగా వ్రాయించి, వానినే ఆంగ్లమున వ్రాయింపుడు. రెంటికిని భేదమెక్కడనో బిడ్డచేతనే చెప్పింపుడు. ఆంగ్లము రాని అవ్వాతాతలు సైతము తెలుగు వాక్యము సరిగా ఉన్నదో లేదో చెప్పగలరు. తెలుగు వ్రాత మరచిన తల్లిదండ్రులు బిడ్డతో పాటు అక్షరములు దిద్దుటకు సిగ్గుపడవలదు.

ఆంగ్లమున “వి” అను ఒక్క మాటయే “మేము”నకును “మనము”నకును చెల్లును. మన భాషలో అవి రెండు. ఇంతవరకు “మేము” చెప్పితిమి. ఇక చేయవలసినది “మనము”.