అర్ధరూపాయి చొప్పున

ఇంధనముపై రాయితీ యనగా నేమి? అంగడిలో పది రూపాయలు పలుకవలసిన సరకు ఏడు రూపాయలకు దొరకుట. తక్కిన మూడు రూపాయలను ఎవరో యొకరు చెల్లింపక తప్పదు. ఆ యెవరో చాలవరకు మనమే. పన్ను రూపమున కొంత, ప్రభుత్వము చేసిన అప్పునకు వడ్డీ రూపమున కొంత చెల్లించుచునే యుందుము. ఈ సంగతి యెరిగియు, రాయితీ తీసివేయుదుమన్నచో ఇంటింట కలవరము పుట్టును. ఏలయన, పన్నులో కలిసిపోయిన భారము కంటికి కానరాదు. పెరిగిన ధర సంచి విప్పినప్పుడెల్ల కానవచ్చును.

రాయితీవలన మేలుతోపాటు చెరుపును కలిగినది. పేదల దీపమునకై చౌకదుకాణములో నిచ్చిన కిరోసిన్, డీజిలుకంటె ఎంతో చౌక యగుటచే, అందు కొంత దారి మళ్లి డీజిలులో కలియుచుండెను. 2011 జనవరి 25వ తేదీన మహారాష్ట్రమున మన్మాడ్ సమీపమున ఇట్టి కల్తీని అరికట్టబోయిన అదనపు కలెక్టరును దుండగులు సజీవదహనము చేసిరి. చౌక డీజిలు రైతు ఇంజనుకు ఎంత దొరకెనో, ధనికుని కారుకును అంతే దొరకెను.

అయినను తొలగించుట సులభము కాలేదు. పెట్రోలు ధరపై నియంత్రణము 2010 జూన్‌లో పోయినది. 2012 సెప్టెంబరులో డీజిలుపై ఒక్కమారుగా 5 రూపాయలు పెంచి, ఇంటికి ఏటికి ఆరు సిలిండర్లకే రాయితీ యని కట్టడి చేయగా, దేశమున బంద్ జరిగెను. చిల్లర వర్తకములో విదేశీ పెట్టుబడి వివాదమును తోడుకాగా, తృణమూల్ కాంగ్రెస్ నాటి కేంద్ర ప్రభుత్వమునకు మద్దతు ఉపసంహరించుకొనెను. సిలిండర్ల పరిమితి 2013లో తొమ్మిదికి, 2014లో పండ్రెండునకు పెరిగెను.

ఇంతలో 2013 జనవరిలో వేరొక మార్గము త్రొక్కిరి. డీజిలు ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచసాగిరి. బంద్‌ను పిలువదగినంత పెంపు ఏ నెలలోను లేదు. అయితే టోకున కొనువారు వెంటనే పూర్తి ధర నీయవలెనని విధించుటచే, పలు రాష్ట్రముల బస్సు సంస్థలు తమ డిపోల పంపులను విడిచి, బస్సులను వీధిలోని బంకులకు పంపినవి. ఒక సరకునకు రెండు ధరలున్నచో కొనువాడు తక్కువ ధర యున్న చోటికే పోవును గదా! 2014 అక్టోబరులో నియంత్రణము పూర్తిగా తొలగినది. అప్పటికి ముడిచమురు వెల పడిపోవుచుండుటచే, ఆ రోజుననే డీజిలు ధర తగ్గెను.

కాని ఆ తగ్గుదల యంతయు కొనువానికి చేరలేదు. 2014 నవంబరు మొదలు 2016 జనవరి వరకు తొమ్మిది పర్యాయములు ఎక్సైజు సుంకము పెంచిరి. లీటరుకు పెట్రోలుపై 11 రూపాయల 77 పైసలు, డీజిలుపై 13 రూపాయల 47 పైసలు పెరిగెను. ఒకనాడు రాయితీ పొందిన సరకే నేడు ఖజానాకు ఆధారమైనది. 2017 జూన్ నుండి ధర దినదినము మారునని చెప్పిరి. అయినను 2021 నవంబరు మొదలు 2022 మార్చి వరకు, ఐదు రాష్ట్రముల ఎన్నికల కాలమున, 137 దినములు చమురు సంస్థలు ధర కదపలేదు. నియంత్రణము కాగితముపై పోయినను, రాజకీయము బంకును విడువలేదని దీనివలన గ్రహింపవచ్చును.

వంటింటి సంగతి మరింత సున్నితమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము పేద గృహిణి చేతికి గ్యాసు పొయ్యి నిచ్చినవి. 2015 నుండి దేశమంతట సిలిండరుకు పూర్తి ధర ముందు చెల్లింపవలెను. రాయితీ పిమ్మట బ్యాంకులో పడును. దొంగ కనెక్షన్లను ఏరివేయుటకు ఇది తోడ్పడినది. కాని కూలి డబ్బుతో దినము గడుపు ఇంట, రేపు రాబోవు రాయితీ నేడు సిలిండరు తేదు. 2020 మే నుండి చాలమందికి ఆ రాయితీయు నిలిచినది. 2022లో సిలిండరు వెల వెయ్యి రూపాయలు దాటినది. అట్టి ఇంట నిండు సిలిండరు కొనలేక మరల కట్టెలు రాజవేసినచో, పొగ ఆ తల్లి రొమ్మునకే చేరును. తుదకు 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశములో ఏటికి మూడు ఉచిత సిలిండర్లు ఎన్నికల వాగ్దానములుగా వచ్చి అమలునకు వచ్చినవి. ఢిల్లీలో వాకిట వెళ్లిన రాయితీ రాష్ట్రములలో దొడ్డిదారిన తిరిగి వచ్చినదన్న మాట.

రాయితీ ఎల్లకాలము ఉండవలెనని మేము వాదింపము. తీసివేయువారు మూడు విషయములు పాటింపవలెనని మాత్రము మా అభిప్రాయము. పెంపు మెల్లగా జరుగవలెను. పేదకు చేయవలసిన సాయము ధర పెరుగుటకు ముందే చేతికందవలెను. ధర పెరిగినప్పుడు భారము మోసినవానికి, తగ్గినప్పుడు లాభమును దక్కవలెను. ఈ మూడవదానిని మరచినచో, మొదటి రెండింటివలన సంపాదించిన నమ్మకము నిలువదు.