మ్యాచ్ మధ్యలో వైద్యుని మాట
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. మేము వైద్యులము కాము. బడిలో పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. అయినా ఒప్పుకోవడానికి కారణం ఉంది. మన ఆటోనగర్‌లో ఒక డాక్టరుగారు క్రికెట్ చూస్తూ చెప్పిన మాటల వల్ల ఒక ప్రాణం నిలబడడం చూశాము. అదే మాటను మేము తెలిసీ తెలియక మోసుకుపోయినందువల్ల మరో ప్రాణం పోబోవడమూ చూశాము. ఆ రెండూ మీ ముందు పెట్టడమే మా ఉద్దేశం.

ఆటోనగర్ అంటే మీకు వేరే చెప్పాలా? లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ పనులు, టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇనుము మోతే. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆ మోత కాస్త తగ్గుతుంది. మాకు తెలిసిన ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో టీవీ పెట్టేవారు. మేస్త్రీలు, క్లీనర్లు, స్పేర్ పార్ట్సు షాపులవాళ్ళు అందరూ చేరేవారు. డాక్టరుగారు కూడా వచ్చేవారు. ఆయనకు క్రికెట్టంటే పిచ్చి. కుర్చీ వేస్తే వద్దనేవారు. అందరితోపాటు పాత టైరు మీదే కూర్చుని, అందరితోపాటే కేకలు వేసేవారు.

ఓవరుకీ ఓవరుకీ మధ్యన మనవాళ్ళు ఆయన్ని అడగని ప్రశ్న లేదు. "డాక్టర్ సాబ్, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది." "సాబ్, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను." ఆస్పత్రి గడప ఎన్నడూ తొక్కనివాడు సైతం అక్కడ నోరు విప్పేవాడు. ఎందుకంటారా? ఆస్పత్రికి పోతే సగం రోజు కూలి పోతుంది. ఫీజు కట్టాలి. అన్నిటికన్నా మించి, ఏం చెబుతారోనన్న భయం. షెడ్డులో ఆ భయం లేదు. పక్కన కూర్చున్నవాడు డాక్టరే అయినా, ముందు మనలాగే ఇండియా గెలవాలని కోరుకునే మనిషి కదా!

2011 ఏప్రిల్ 2, శనివారం. ప్రపంచకప్ ఫైనలు. శ్రీలంక 274 పరుగులు చేసింది. మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చి కూర్చున్నాము. సెహ్వాగ్ సున్నాకే పోయాడు. కాసేపటికి సచిన్ కూడా 18 పరుగులకు వెనుదిరిగాడు. షెడ్డంతా నిశ్శబ్దం. మా పక్కనున్న టింకరింగ్ ఉస్తాద్ ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. చొక్కా తడిసిపోయింది. "గ్యాసు భాయ్, మధ్యాహ్నం బిర్యానీ ఎక్కువైంది" అని సోడా తెప్పించుకుని తాగాడు. మేమూ గ్యాసేనన్నాము. మా చూపంతా టీవీ మీదనే.

డాక్టరుగారు మాత్రం టీవీ వదిలి లేచి వచ్చారు. మూడే ప్రశ్నలు వేశారు. "నొప్పి ఎంతసేపటి నుంచి? దవడకు గాని చేతికి గాని పాకుతోందా? బీడీ తాగుతావా?" తరువాత కడుపులో పుండు, రక్తం పడడం వంటివేమైనా ఉన్నాయా, మందులు పడకపోవడం ఉందా అని అడిగి, యాస్పిరిన్ బిళ్ళ తెప్పించి నమిలించారు. ఉస్తాద్ "మ్యాచ్ అయ్యాక వెళ్దాం సాబ్, నా స్కూటర్ మీదే పోతాను" అన్నాడు. డాక్టరుగారు స్కూటర్ తాళం లాక్కుని 108కి ఫోన్ చేయించారు. ఆస్పత్రిలో ఈసీజీ తీస్తే గుండెపోటే. గంభీర్ 97, ధోని 91 కొట్టారు, ఇండియా ఆరు వికెట్లతో గెలిచింది, ఊరంతా టపాకాయలు కాల్చింది. ఉస్తాద్‌కు అవేమీ తెలియవు. బతికి వచ్చాక ఆయన మొదటి ఫిర్యాదు, "ధోని ఆఖరి సిక్సర్ చూడనియ్యలేదు కదా సాబ్!" అని.

ఇది ఏదో మన షెడ్డులో అనుకోకుండా జరిగిన ముచ్చట కాదు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు లెక్క తీశారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు వచ్చాయి. 2008లో ఆ లెక్క అచ్చయింది. అంతకు ముందే గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువని తేలింది. అంటే తప్పు ఆటది కాదు. లోపల దాగి ఉన్న జబ్బును ఆ ఉద్రేకం బయటికి లాగుతుంది.

ఆడేవారికైనా మినహాయింపు లేదు. 1983లో కప్పు తెచ్చిన కపిల్‌దేవ్‌కు 2020 అక్టోబరులో గుండెకు చికిత్స చేశారు. 2021 జనవరిలో గంగూలీకి గుండెపోటు వచ్చింది. అంతెందుకు, మన విజయవాడలో పుట్టిన ఎం.వి. శ్రీధర్‌గారిని తలచుకుందాం. ఆయన ఆటగాడే కాదు, వైద్యవిద్య చదివిన డాక్టరు కూడా. 1994లో హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద 366 పరుగులు కొట్టారు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ ఆరు వికెట్లకు 944. అంతటివారు 2017 అక్టోబరు 30న గుండెపోటుతో 51 ఏళ్ళకే కన్నుమూశారు. డాక్టరు కదా, ఆటగాడు కదా అని గుండె ఎవర్నీ వదిలిపెట్టదు. టీవీ ముందు కూర్చుని పకోడీలు తినే మన సంగతి చెప్పాలా?

ఇక రెండో సంగతి. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పక తప్పదు.

2016 మే 29న ఐపీఎల్ ఫైనలు. హైదరాబాద్ సన్‌రైజర్స్ గెలిచిన రాత్రి. వారం పది రోజుల్లో రంజాన్ రాబోతోంది. షుగరున్న ఒక సోదరుడు ఉపవాసంలో బిళ్ళలు ఎలా వేసుకోవాలని అడిగాడు. డాక్టరుగారు అతని చీటీ చూసి, "నీ బిళ్ళ సెహ్రీలో ఒకటి, ఇఫ్తార్‌లో ఒకటి వేసుకో" అన్నారు. మేము విన్నాము. మర్నాడు మా బావగారికి, అంటే మా చెల్లెలి భర్తకు, అదే మాట చెప్పాము. "డాక్టరే చెప్పారు" అని ఒక్క మాట చేర్చాము కూడా.

బావగారి బిళ్ళ వేరు. అది షుగరును బలంగా కిందికి దించే రకం. ఆ సంగతి మాకు తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. జూన్ ఎండ, 14 గంటలు దాటిన ఉపవాసం. అసర్ నమాజు వేళకి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. "ఇంకో గంటన్నర ఓర్చుకుంటే ఇఫ్తారే కదా" అని ఆయన పట్టుదల. పొరుగింటి కుర్రాడు మిషనుతో వేలు పొడిచి చూస్తే 52. అప్పుడు పంచదార నీళ్ళు పట్టించారు. అల్లాహ్ దయవల్ల తేరుకున్నాడు. మేము పరుగెత్తుకు వెళ్ళేసరికి మా చెల్లెలు తలెత్తి ఒకే మాట అడిగింది. "భయ్యా, డాక్టరే చెప్పారన్నావుగా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్ అని మన పెద్దలు ఊరికే అనలేదు. సగం వైద్యుడు ప్రాణానికి ముప్పు. బడిలో ఆ సామెతకు మేమే అర్థం చెబుతాము. ఆ నీమ్ హకీమ్ మేమే అవుతామని అనుకోలేదు. డాక్టరుగారికి చెబితే మమ్మల్ని కోప్పడలేదు. "తప్పు నాది కూడా మాస్టారూ, పదిమందిలో ఒకడికి మందు చెప్పాను" అన్నారు. ఆ రోజునుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందరికీ వర్తించే మాటైతే షెడ్డులో చెబుతారు. బిళ్ళ పేరు, మోతాదు మాత్రం చీటీ పట్టుకుని ఆస్పత్రికి వస్తేనే.

ఆటాభిమాని అయిన వైద్యుడు ఎలా ఉండాలో చూపే ఉదంతం ఒకటుంది. 2012 మార్చి 17న లండన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా ఫాబ్రీస్ ముయాంబా అనే ఆటగాడు కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది. ప్రేక్షకుల్లో కూర్చున్న ఆండ్రూ డీనర్ అనే గుండె వైద్యుడు మైదానంలోకి దిగి సాయం పట్టాడు. గుండెజబ్బుల ఆస్పత్రికే తీసుకుపోయేలా చూశాడు. 78 నిమిషాలు ఆగిన గుండె తిరిగి కొట్టుకుంది. ఆ డాక్టరు కూర్చున్నచోటునుంచి సలహా ఇచ్చి ఊరుకోలేదన్నది గమనించండి. మన డాక్టరుగారూ ఉస్తాద్ విషయంలో అదే చేశారు. అభిమానుల మధ్య దొరికే సలహా ఆస్పత్రికి దారి చూపాలి. ఆస్పత్రి బదులుగా నిలబడకూడదు.

ఇక అందరికీ వర్తించేవని డాక్టరుగారు పదేపదే చెప్పే మాటలు మనవి చేస్తాము. ఇళ్ళలో చెప్పుకోండి.

ఛాతీలో బరువుగా నొక్కినట్టుండి, చెమటపట్టి, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకితే గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. ఆడవాళ్ళకూ, షుగరున్నవారికీ నొప్పి అంతగా లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంగా కూడా రావచ్చు. వెంటనే 108. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుంచి ఆ సేవ ఉంది. బండి తానే నడుపుకుని పోరాదు.

మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యన రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. సుత్తి పట్టే మన కుర్రాళ్ళ చేతులకు ఇది కష్టం కాదు, నేర్పేవారు కావాలి.

బీపీ పైకి కనిపించదు. ఏ బాధా లేదని బిళ్ళ మానేయడం పెద్ద తప్పు. చూపించుకున్నప్పుడల్లా 140కి 90 దాటుతూ ఉంటే వైద్యుని దగ్గరకు పోవాలి. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించాలి. బీడీ, గుట్కా, జర్దా మానాలి. మన ఎండల్లో రేకుల షెడ్డు కింద పనిచేసేవారు దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తేడా వస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిపి, గాలి విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.

షుగరున్నవారు రంజాన్‌కు నెలరోజుల ముందే తమ డాక్టరును కలవాలి. ఉపవాసంలో రక్తం పరీక్ష 70కి తక్కువగాని 300కి ఎక్కువగాని చూపిస్తే ఆ ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతారు. రోగికి సడలింపు ఉందని బఖరా సూరాలోనే ఉన్నది. పట్టుదల పేరుతో ఆ కరుణను కాదనుకోవడం భక్తి కాదు.

చివరగా సొసైటీవారికి రెండు విన్నపాలు. మొదటిది, ప్రతి వార్షికోత్సవంనాడు బీపీ, షుగరు పరీక్ష పెట్టించి, ఎవరి బిళ్ళల పేర్లు వారికి ఒక కార్డుమీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఇవ్వండి. మా బావగారి జేబులో అలాంటి కార్డుంటే మాలాంటివారి మాట అక్కడే ఆగిపోయేది. రెండవది, ఆ షెడ్డులో మగవాళ్ళమే కూర్చుంటాము. డాక్టరుగారి మాట మన తల్లులకూ చెల్లెళ్ళకూ చేరదు. చేరినా మాలాంటివారి నోటిమీదుగా వంకరై చేరుతుంది. వారికోసం వేరే ఒక రోజు, ఒక లేడీ డాక్టరును పిలిపించండి. నిజానికి మన ఇళ్ళలో చివరగా ఆస్పత్రికి వెళ్ళేది వాళ్ళే.

ఉస్తాద్ ఇప్పుడు బీడీ మానేశాడు. మ్యాచ్ చూడడం మానలేదు. బావగారు ఇప్పుడు మేము ఏం చెప్పినా "చీటీ ఏదీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా మాకు చురుక్కుమంటుంది, సంతోషమూ కలుగుతుంది.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, దాన్ని కాపాడుకునే బుద్ధినీ ప్రసాదించుగాక. ఆమీన్.