పంటి వేరునకు చేయు చికిత్స



పంటినొప్పి నెరుగనివారు మీలో కొందరుండవచ్చును, వారు పుణ్యాత్ములు. ఎరిగినవారికి దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. ఏ నొప్పియైనను రాత్రివేళ హెచ్చుగా దోచుట కలదు గాని, పంటినొప్పి విషయమున నది వట్టి భ్రమ గాదు. మేను వాల్చినప్పుడు తలవైపు రక్తపుటొత్తిడి పెరుగుటచే ఆ నొప్పి నిజముగనే పెరుగును. అందుచేతనే పంటిపోటు గలవాడు నడిరేయి లేచి మంచముపై కూర్చుండును.

ఆ పోటునకు దంతవైద్యులు చేయు చికిత్స నొకదానిని గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిని. దానిని రూట్ కెనాల్ అందురు. మూలనాళచికిత్స యని సంస్కృతమున చక్కగా చెప్పవచ్చును గాని, ఆ మాటతో ఆసుపత్రికి పోయినచో చీటీ వ్రాయువాడు తెల్లబోవును. కావున నేనును జనులాడు మాటనే వాడెదను. నేను వైద్యుడను గాను. 35 ఏండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాడను. అయినను ఈ చికిత్సవిషయమున చదువుకొన్నవారు సైతము పొరబడుట పలుమారు చూచితిని. వారి పొరబాటు వైద్యమున గాదు, నొప్పిని అర్థము చేసికొనుటలో నున్నది.

పన్ను చూచుటకు రాతిముక్కవలె నుండును గాని, లోన జీవము గలది. పైనున్న తెల్లని పొర ఎనామెల్. మన శరీరమున దానికంటె గట్టి పదార్థము లేదు. దానిక్రింద కొంచెము పసుపువన్నె గల డెంటిన్ అను పొర. దాని నడుమ నొక చిన్న గది. ఆ గదిలో మెత్తని గుజ్జు. అందు సన్నని రక్తనాళములును నరములును గలవు. ఈ గుజ్జు వేళ్లలోని కాలువలగుండ క్రిందికి దిగి, వేరుకొనయందలి సూదిబెజ్జమంత రంధ్రముద్వారా శరీరముతో సంబంధము పెట్టుకొనును. కెనాల్ అనగా ఆ కాలువయే. ముందరి పండ్లకు తరచుగా నొకే కాలువ యుండును. క్రింది పెద్ద దవడపంటికి సాధారణముగా 3, ఒక్కొక్కప్పుడు 4 ఉండును. పై దవడపంటికి 4 ఉండుట అరుదు గాదు.

పిప్పి పట్టుట యనగా నేమి? మనము తిను తీపిని పంటిపై పేరుకొనిన సూక్ష్మక్రిములు తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిని కొంచెము కొంచెముగా కరగించును. గొయ్యి పైపొరలో నున్నంతవరకు మనకు తెలియనే తెలియదు. రెండవ పొరకు చేరినప్పుడు చన్నీళ్లకు జివ్వుమనును. ఆ దశలో గొయ్యి శుభ్రపరచి పూడ్చినచో పని ముగియును, రూట్ కెనాల్ ప్రసక్తియే లేదు. గుజ్జువరకు పోయినప్పుడే చిక్కు. వేలికి దెబ్బ తగిలిన వేలు వాచును, వాచుటకు దానికి చోటున్నది. పంటిలోని గుజ్జు వాచుటకు చోటేది? నాలుగు ప్రక్కల రాతిగోడలు. అందుచే లోనిది లోననే యొత్తుకొని, ఆ దుర్భరమైన పోటు పుట్టును. తుదకు రక్తము ఆడక ఆ గుజ్జు చచ్చును. గుజ్జుతోపాటు నరమును చచ్చును. నరము చచ్చినపిమ్మట నొప్పి యెక్కడిది?

ఇచటనే మనవారు మోసపోవుదురు. నాతో పనిచేసిన లెక్కల ఉపాధ్యాయు లొకరు క్రింది దవడపంటిపోటుతో పది దినములు నిద్రలేక బాధపడిరి. పదునొకండవనాడు బడికి వచ్చి, "మాష్టారూ, పీడ వదిలింది. చన్నీళ్లు పుక్కిలించినా జివ్వుమనటం లేదు" అని సంబరముతో చెప్పిరి. దంతవైద్యునికడకు పోవుట మానివేసిరి. ఎనిమిది నెలలు గడచినవి. పరీక్షల దినములలో ఒక ఉదయమున ఆయన చెంప పొంగియుండెను. సాయంకాలమునకు వాపు దవడక్రిందికి దిగెను. మరునాటికి నోరు తెరచుటయు, గుటక వేయుటయు కష్టమాయెను. పెద్దాసుపత్రిలో గొంతుక్రింద కోసి చీము తీసిరి. తొమ్మిది దినము లచట నుండి బ్రతికి బయటపడిరి. వాపు ఇంక కొంచెము పెరిగి ఊపిరి కడ్డుపడియుండిన, ఆ మాట చెప్పుటకు ఆయన యుండెడివారు గారు.

చచ్చిన పన్ను క్రిములకు సత్రమువంటిది. రక్తము ప్రవహింపని చోటికి శరీరపు కావలివాండ్రు పోలేరు. క్రిములచట వృద్ధిపొంది, వేరుకొన దాటి, దవడ యెముకను మెల్లమెల్లగా తినివేయును. ఎక్సురే బొమ్మలో వేరుకొనచుట్టు నల్లని మచ్చగా నగుపడున దదియే. కొందరికి చిగురుమీద చిన్న పొక్కు లేచి, చితికి, మానినట్లే మాని, మరల లేచుచుండును. అది మానుట కాదు. చీము తనకొక దారి చేసికొనుట.

"మందుల దుకాణమున నాలుగు బిళ్లలు తెచ్చి మ్రింగితిని, తగ్గినది" యనువారు మరికొందరు. సూక్ష్మక్రిములను జంపు బిళ్లలు రక్తముద్వారా పనిచేయును. రక్తమే పోని పంటిలోనికి అవి యెట్లు పోగలవు? వాపు, జ్వరము ఉన్నప్పుడు వైద్యుడు వాని నిచ్చుట యుక్తమే. వట్టి పంటిపోటునకు వానివలన ప్రయోజనము లేదు. పైగా అవసరమైననాడు పనిచేయకుండ పోవును. లవంగతైలమును మాత్రము నేను నిందింపను. అందలి యూజెనాల్ అను పదార్థము కొంతసేపు తిమ్మిరి పుట్టించు మాట సత్యము, దంతవైద్యులును దానిని వాడుదురు. అది రాత్రి గడచుటకే గాని రోగము పోవుటకు గాదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై నద్దిపెట్టుట మాత్రము కూడదు. చిగురు కాలి పుండగును.

పంటిలో పురుగున్నదనుట మన పల్లెలలో చిరకాలపు నమ్మకము. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులను రాల్చెద మనువారిని నా చిన్ననాట చూచితిని. సుశ్రుతసంహితలోను దంతరోగములలో క్రిమిదంతక మని యొకటి చెప్పబడినది. ఫ్రాన్సుదేశమున పియేర్ ఫోషార్ అను దంతవైద్యుడు 1728లో తన గ్రంథమున పురుగువాదమును ద్రోసివేసెను. కంటికి గనబడు పురుగు లేదు, నిజమే. కంటికి గనబడని క్రిమి కలదు. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అను మువ్వురు దీనిని చక్కగా నిరూపించిరి. వారు సామాన్యమైన ఎలుకలను, క్రిమిరహితముగా పెంచిన ఎలుకలను తీసికొని, రెండు తెగల పండ్లకును రంధ్రములు చేసి గుజ్జును తెరచి విడిచిరి. సామాన్యపు టెలుకల పండ్లలో గుజ్జు కుళ్లి చీము పట్టెను. క్రిములు లేని యెలుకలలో, ఆహారము ఆ రంధ్రములలో నిరికినను, గుజ్జు చావక తనపై క్రొత్త పొరను నిర్మించుకొనెను. కావున క్రిములను వెడలగొట్టి, అవి మరల జొరకుండ తలుపు మూయుటయే ఈ చికిత్సయొక్క సారము.

చికిత్స యెట్లు జరుగునో చెప్పెదను. మొదట సూదిమందుతో ఆ చోటు తిమ్మిరి యెక్కించెదరు. పోటు తీవ్రముగా నున్న పంటికి ఒక్కొక్కప్పుడు మొదటి సూది చాలదు. అప్పుడు బిడియపడక చెప్పినచో మరల మందిత్తురు. పండ్లు బిగబట్టి యోర్చుకొనుట ఇచట శౌర్యము గాదు. పిమ్మట పంటిచుట్టు పలుచని రబ్బరు రేకు బిగింతురు. న్యూయార్కు దంతవైద్యుడు బార్నమ్ 1864లో దీనిని ప్రవేశపెట్టెను. దానివలన ఉమ్మిలోని క్రిములు పంటిలోనికి పోవు, సన్నని పనిముట్లు గొంతులోనికి జారవు. రబ్బరు రేకు కట్టుదురా యని మీరు ముందుగా నడుగుట తప్పు గాదు. తరువాత పంటి నడినెత్తిన ద్వారము చేసి, సన్నని ఆకురాళ్లవంటి సూదులతో కాలువలను రాచి శుభ్రపరతురు. 1838లో అమెరికాలో మేనార్డ్ అను నతడు గడియారపు స్ప్రింగును అరగదీసి ఇట్టి సూదిని మొదట చేసెను. బట్టలు తెలుపుచేయు ద్రావకమునే తగుపాళ్లలో గలిపి కాలువలను పలుమారు కడుగుదురు. సూది వేరుకొనకు చేరినదీ లేనిదీ ఎక్సురేతోను, విద్యుద్యంత్రముతోను కొలుతురు.

శుభ్రమైన కాలువను ఖాళీగా విడువరాదు. దానిని గట్టాపర్చా యను పదార్థముతో నింపుదురు. ఇది మలయాదేశపు చెట్టుపాలు గట్టిపడగా నైనది. ఒకప్పుడు సముద్రగర్భమున వేసిన తంతితీగలకు దీనినే తొడిగిరి. ఆ చెట్టు మన పొగడ, ఇప్ప చెట్ల కుటుంబములోనిదే. పొగడచెక్క దంతములకు మేలని ఆయుర్వేదము చెప్పుచుండగా, దాని దాయాది పాలు పంటివేరులో చేరుట నాకు వేడుకగా నున్నది.

ఇంతటితో పని ముగిసిన దనుకొనుట రెండవ పొరబాటు. గోడలు పలుచబడిన దవడపన్ను నమలునపుడు పగులవచ్చును. అందుచే దానిపై తొడుగు వేయించుకొనవలెను. మా వీధిలో నొక యిల్లాలు, "నొప్పి పోయిందిగా, పండక్కి ఖర్చులున్నాయి, తర్వాత చూద్దాం" అని తొడుగును వాయిదా వేసెను. సంక్రాంతికి చేగోడి కొరుకగా పన్ను వేరుదాక నిలువునా చీలెను. అట్లు చీలినదానిని పీకించుకొనుటకన్న వేరుదారి లేకపోయెను. చికిత్సకైన వ్యయమంతయు వ్యర్థమాయెను. ముందరి పంటికి తొడుగు ఎల్లపుడు నక్కరలేదు. వైద్యుడే చూచి చెప్పును.

మొదటనే పీకించుకొనరాదా యందురేమో. వేరు చీలినను, చుట్టునున్న యెముక యంతయు పోయినను పీకించుకొనుటయే మంచిది. లేనిచో సొంత పంటిని నిలుపుకొనుటయే లాభము. ఒక పన్ను పోగా ప్రక్కపండ్లు ఆ సందువైపు ఒరగును, ఎదుటి పన్ను దిగివచ్చును. రూట్ కెనాల్ చేసిన పండ్లలో ఎనిమిది, పదియేండ్ల పిమ్మటను నూటికి 85కు పైగా నోటిలో నిలిచియున్నవని పరిశీలకులు తేల్చిరి. పైపన్ను తీయించిన చూపు పోవునని మనవారు భయపడుదురు. పైపన్ను కదలినను తీయరాదనియు, తీసిన కన్ను చెడుననియు సుశ్రుతసంహితలోనే యున్నది. రక్తస్రావము నాపు ఉపాయము లంతగా లేని కాలపు జాగ్రత్త యది. చూపునకు నరము వేరు, పంటికి నరము వేరు. పూజ్యగ్రంథమైనను ఈ మాటను నేడు పట్టుకొనరాదు.

ఇట్టి పొరబాటు మనకే గాదు, పాశ్చాత్యులకును కలిగెను. 1910లో హంటర్ అను ఆంగ్లవైద్యుడు మాంట్రియల్ నగరమున చేసిన యుపన్యాసముతో మొదలై, చచ్చిన పండ్లే కీళ్లవాతము మొదలుగాగల రోగములకు మూలమను వాదము ప్రబలెను. రెండు మూడు దశాబ్దములు లక్షలకొలది పండ్లు ఊడబెరుకబడెను. పండ్లు పోయినవి గాని వాతము పోలేదు. ఆ వాదము పిమ్మట పరీక్షకు నిలువలేదు. నేడును చేతిఫోనులలో అది మరల మరల తిరుగుచున్నది.

వైద్యుడు మీ యెరుకలో లేనివాడైనచో చట్టము ననుసరించి నమోదైనవాడా యని విచారింపుడు. హైదరాబాదు, విజయవాడలలోని ప్రభుత్వ దంతవైద్యకళాశాలలలో ఈ చికిత్స తక్కువ వ్యయముతో జరుగును. మధుమేహము, గుండెజబ్బు, రక్తము పలుచబడుటకు వాడు మందులు, ఏ మందైనను పడకుండుట, స్త్రీలు గర్భవతులగుట, ఇవి ముందుగా చెప్పవలెను. చెప్పక మీయంతట మందులు మానరాదు. చికిత్స జరిగిన రెండు మూడు దినములు నమలునపుడు కొంత సలుపుండును, దానికి భయపడనక్కరలేదు. వాపు పెరిగినను, జ్వరము వచ్చినను, నోరు తెరపడకున్నను, గుటక పడకున్నను తెల్లవారువరకు ఆగక పెద్దాసుపత్రికి పోవలెను.

చికిత్సనాటి ఎక్సురే బొమ్మను పారవేయక దాచుడు. ఎముక మెల్లగా పూడుకొనునది గనుక ఆరు నెలలకును, ఏడాదికిని మరల బొమ్మ తీయించి, మొదటిదాని ప్రక్కన బెట్టి చూతురు. వేరుకొన యందలి నల్లమచ్చ చిన్నదగుచున్నచో పన్ను కుదుటబడుచున్నదని అర్థము. తగ్గకున్నచో, మీకు నొప్పి యేమియు లేకున్నను, కాలువలను మరల తెరచి శుభ్రపరుపవలసి యుండును.